మాట రాని బిడ్డకు ఏ భాష?

హోసూరు చుట్టుపక్కల పల్లెల బళ్ళలో పాతికేళ్ళకు పైగా పాఠాలు చెప్పి పదవీ విరమణ పొందినవాణ్ణి. 2006లో తమిళ అధ్యయన చట్టం వచ్చి, ఒకటో తరగతి మొదలుకొని తమిళం తప్పనిసరి అయ్యాక, మన పిల్లలు ఏ భాషలో చదవాలన్న విషయం మీద ఈ ప్రాంతంలో ఎన్నో సభలు జరిగాయి, ఎన్నో అర్జీలు వెళ్ళాయి. ఆ సభల్లో ప్రస్తావనకు రాని పిల్లలు కొందరున్నారు. వాళ్ళకు ఏ భాషలోనూ మాట సులువుగా రాదు. ఆటిజం ఉన్న అటువంటి పిల్లవాడొకడు మా ఇద్దరు ఉపాధ్యాయుల బడిలో మూడేళ్ళు నా దగ్గర చదివాడు. మా వృత్తికి కావలసిన నేర్పులు కొన్ని వాడి వల్లనే నాకు పట్టుబడ్డాయి.

ఆటిజం నిన్నమొన్న పుట్టిన జబ్బు కాదు. అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 1943లోనే 11 మంది పిల్లలను పరిశీలించి దీన్ని గురించి రాశాడు. తల్లి ప్రేమ చాలక పిల్లలు ఇలా అవుతారని కొంతకాలం పెద్ద పెద్ద వైద్యులే నమ్మారు. ఆ మాట తప్పని తేలి దశాబ్దాలైంది. ఇది మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. చూపును, చప్పుడును, స్పర్శను, మాటను ఆ బిడ్డ అందుకునే తీరు వేరు. అందరిలోనూ ఒకేలా ఉండదు. ఒకరు గలగలా మాట్లాడతారు, మరొకరు నోరే విప్పరు.

మా పిల్లవాడికి మాటలున్నాయి. కాని ఎవరేమి అడిగితే అదే తిరిగి చెప్పేవాడు. "నీళ్ళు తాగుతావా?" అంటే "నీళ్ళు తాగుతావా" అనేవాడు. కొత్తవాళ్ళకు అది వెక్కిరింతలా తోచేది. గమనించగా, ఎండలో తిరిగి వచ్చినప్పుడు ఎవరూ అడగకుండానే కుండ దగ్గర నిలబడి అదే మాట అంటున్నాడు. అంటే వాడు నీళ్ళు అడుగుతున్నాడు. దాహం వేసినప్పుడల్లా తన చెవిన పడే మాట అదే కనుక, నీళ్ళు అడిగే తీరు అదేననుకున్నాడు. ఇలా విన్నది తిరిగి పలకడాన్ని ఎకోలేలియా అంటారు. ఇది అర్థం లేని చిలకపలుకు కాదనీ, చాలాసార్లు బిడ్డ తన అవసరాన్ని దానితోనే చెప్పుకుంటాడనీ 1980ల నుంచి నిపుణులు చెబుతున్నారు.

మన తెలుగులో దీనికో ప్రత్యేకమైన చిక్కుంది. తాగుతాను, తాగుతావు అంటూ క్రియ చివరనే ఎవరి సంగతో తేలిపోతుంది. నేను, నువ్వు అనే మాటలు లేకుండానే వాక్యం నడుస్తుంది. కనుక "నేను అనాలిరా" అని దిద్దితే సరిపోదు, క్రియనే మార్చి వినిపించాలి. ప్రశ్న వేయడం మాని, వాడి పక్కన నిలబడి, వాడి తరఫున "నీళ్ళు తాగుతాను" అని చెప్పి లోటా అందించేవాణ్ణి. ఆయుధపూజ సెలవుల తర్వాత మొదలుపెడితే, ఉగాదికి కొన్నాళ్ళ ముందు "నీళ్ళు తాగుతాను అయివోరా" అన్నాడు. ఆ పూట నాకు పాఠం సాగలేదు.

మిగిలిన నేర్పులూ పెద్ద చదువులు కోరేవి కావు. చెప్పేది చిన్న వాక్యంలో చెప్పాలి. చెప్పాక మనసులో పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊరకుండాలి. జవాబు రాలేదని అదే సంగతిని ఇంకో విధంగా అడిగితే, ఆ బిడ్డకు అది రెండో ప్రశ్న అవుతుంది. "బుద్ధి గడ్డి తినిందా?" వంటి మాటలు పనికిరావు, వాడు గడ్డి కోసం వెతుకుతాడు. కళ్ళలోకి చూడమని గడ్డం పట్టి తిప్పకూడదు, చూడకుండానే వింటాడు. ఆనాటి పనులను బొమ్మలుగా గీసి వరుసగా చూపాలి: ప్రార్థన, లెక్కలు, భోజనం, ఆట, ఇల్లు. ఒక్కొక్కటీ అయిపోగానే ఆ బొమ్మను బిడ్డ చేతే తీయించాలి. అమెరికాలోని నార్త్ కరోలినాలో ఎరిక్ షోప్లర్, ఆయన సహచరులు 1970లలో ఇటువంటి బొమ్మల పద్ధతులకు ప్రచారం తెచ్చారు. మాకు పాత క్యాలెండరు అట్టలు, ఒక తాడు, బట్టలకు పెట్టే క్లిప్పులు సరిపోయాయి.

బడిగంట మోగితే వాడు చెవులు మూసుకుని బల్లకింద దూరేవాడు. మొండితనమన్నారు కొందరు. గంటకు ముందే బొమ్మ చూపి, దూరంగా ఉన్న మూలకు తీసుకుపోవడం మొదలుపెట్టాక ఆ అవస్థ చాలావరకు తగ్గింది. మొండికేయడం వేరు, తట్టుకోలేకపోవడం వేరు. ఈ తేడా తెలియని ఉపాధ్యాయుడు తట్టుకోలేని బిడ్డను శిక్షిస్తాడు.

రెండో ఏడు మధ్యలో వాడి మాటలు తగ్గిపోయాయి. తల్లిని పిలిచి అడిగాను. పట్నంలో మాటల చికిత్సకు తీసుకుపోయిన చోట, ఇంట్లో తెలుగూ బళ్ళో తమిళమూ అయితే బిడ్డ తికమక పడతాడనీ, ఇంట్లో ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడమనీ చెప్పారట.

"నాకు ఇంగ్లీషు యాడొస్తాది అయివోరా? కమ్, సిట్, వాటర్, అంతే. అవ్వను కూడా కతలు చెప్పొద్దంటిమి. ఇప్పుడు ఇంట్లో వానితో మాట్లాడేవాళ్ళే లేరు" అంది.

ఆ సలహా మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు. కాని దానికి ఆధారం లేదు. రెండు భాషలు వినే ఆటిజం పిల్లలను, ఒకే భాష వినే ఆటిజం పిల్లలతో పోల్చి పలు దేశాల్లో పరిశీలించారు. రెండో భాష వల్ల మాట వెనుకబడుతుందని వాటిలో తేలలేదు. తల్లి తనకు రాని భాషలో ఇరుక్కుంటే మాత్రం బిడ్డకు దక్కేది ఇంగ్లీషు కాదు, మౌనం. మాట కష్టమైన బిడ్డకు మిగతావాళ్ళకంటే ఎక్కువ మాటలు వినపడాలి. జోల, కసురు, బుజ్జగింపు, కత, అన్నీ కావాలి. అవి ఆ తల్లికి తెలుగులోనే వచ్చు.

"నీకొచ్చిన మాటే మాట్లాడమ్మా, అవ్వను కతలు చెప్పనీ" అన్నాను. బళ్ళో కుండ బొమ్మకింద 'తణ్ణీర్' అని తమిళంలో ఉంటే, అదే బొమ్మను ఇంటికి 'నీళ్ళు' అని రాసి ఇచ్చాను. కొన్ని నెలలకు వాడు తేరుకున్నాడు. బళ్ళో ఒక మాట, ఇంట్లో ఒక మాట అన్నది వాడికి తికమక కాలేదు. ఎక్కడ ఏది అనాలో అదొక నియమం. నియమాలంటే వాడికి ప్రాణం.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరు లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం దాన్ని గుర్తించింది. 2016 చట్టం 21 వైకల్యాల్లో ఒకటిగా చేర్చి, వివక్ష లేకుండా బళ్ళో చేర్చుకోవాలని చెప్పింది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించాలని 1956లో చేర్చిన రాజ్యాంగం 350-ఎ అధికరణం అంటోంది. ఈ రెండూ ఒకే బిడ్డకు వర్తిస్తాయని మన అర్జీల్లో ఎవరూ రాయగా నేను చూడలేదు. ఆటిజం పిల్లల కోసం శిక్షణ పొంది మన ఊళ్ళకు వచ్చేవారిలో తెలుగు తెలిసినవాళ్ళు కొందరైనా ఉండాలని ఇకనైనా అడుగుదాం.

బళ్ళారిలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో ఇటువంటి బిడ్డ ఉన్న ఇంటికి ఇదే సలహా అంది ఉండవచ్చు. మీ ఎరుకలో అలాంటి ఇల్లుంటే, వెళ్ళి ఒక్క మాట చెప్పండి. బిడ్డతో తెలుగులో మాట్లాడటం ఆపొద్దనండి. అవ్వ ఉంటే ఆమెకు ముందుగా చెప్పండి.