అక్క పెళ్లికారు

ఈ పొద్దు బేస్తవారిపేటలో బస్సు కోసం నిలబడితే అంబాసిడర్ గుర్తొచ్చింది. అక్క పెళ్లికి నాన్న తెల్ల అంబాసిడర్ మాట్లాడాడు. ముందు పొడుగాటి సీటు, స్టీరింగ్ పక్కనే గేరు. డ్రైవరుతో కలిపి తొమ్మిది మందిమి ఇరుక్కుని గిద్దలూరు పోయాం. నేను అక్క ఒళ్లో. గుంతలకు మేం ఊగిపోయాం గానీ బండి ఎక్కడా మొరాయించలేదు. నడిరాత్రి మార్కాపురం ఆస్పత్రికి పోవాల్సొచ్చినా ఆ బండాయన తలుపే కొట్టేవాళ్లం.

ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాతో 1950ల చివర్లో మొదలైన బండి అది. 1983లో మారుతి 800 వచ్చాక జనం అటు మళ్లారు. 2014 మేలో ఆ బండి తయారుచేసే హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు కలకత్తా దగ్గరి ఉత్తరపారా ఫ్యాక్టరీలో పని ఆపేశారు. 2,000 మందికి పైగా కార్మికులు రోడ్డున పడ్డారు. 2017లో అంబాసిడర్ అన్న పేరును కూడా ఫ్రాన్సు ప్యూజో కంపెనీకి 80 కోట్లకు అమ్మేశారు.

కొనేవాళ్లు లేక బండి ఆగిందంటే ఒప్పుకుంటాను. పేరు అమ్మడమే నాకు మింగుడుపడలేదు. అది మా అందరి ఇంటిపేరు లాంటిది.

మీ పెళ్లి ఆల్బంలో అంబాసిడర్ ఉంటే ఆ ఫోటో భద్రంగా దాచుకోండి.