తడిగా మడిచిన గుడారం



గుడారం అనగానే మనకు అబ్రాహాము జ్ఞాపకం వస్తాడు. లేదా సువార్త కూటాలకు వేసే పెద్ద పందిళ్లు జ్ఞాపకం వస్తాయి. నేను చెప్పబోయేది అంత పెద్దది కాదు. ఇద్దరు పడుకుంటే మూడోవారికి చోటుండదు. మడిస్తే తలదిండంత అవుతుంది. బరువు రెండు కిలోల చిల్లర. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు 2016లో సెలవుకు వచ్చి, "మామయ్యా, మీరూ అత్తయ్యా కొండ ఊళ్లకు నడిచి వెళ్తారు కదా, ఇది మీకే" అని చేతిలో పెట్టాడు.

మా పరిచర్య చింతపల్లి, లంబసింగి వైపు కొండ గ్రామాల్లో. 2022 నుండి ఆ ప్రాంతమంతా అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. అక్కడ చాలా ఇళ్లకు ఒకటే గది. మేము వెళ్తే ఇంటివారు తమ మంచం మాకిచ్చి, పిల్లలతో సహా అరుగు మీద పడుకునేవారు. వద్దంటే నొచ్చుకునేవారు. గుడారం వచ్చాక వారింట భోజనం చేసి, వారి పెరట్లోనే పడుకోవడం అలవాటు చేసుకున్నాం. మన్యంలో మలేరియా భయం ఎప్పుడూ ఉన్నదే. గుడారం లోపలి గది దోమతెర గుడ్డతో ఉంటుంది గనుక ఆ దిగులు కూడా కొంత తగ్గింది.

దాన్ని వాడటం నేర్చుకోవడానికి మాకు ఒక ఏడాది పట్టింది. మొదటి జనవరిలో లంబసింగి దగ్గర చలికి వణికిపోయి, గాలి వచ్చే సందులన్నీ మూసి పడుకున్నాం. తెల్లవారుజామున ముఖం మీద చుక్కలు పడ్డాయి. వాన అనుకుని బయటికి వచ్చి చూస్తే ఆకాశం నిండా నక్షత్రాలు! అది మా ఇద్దరి ఊపిరే. ఊపిరిలోని ఆవిరి చల్లటి పై గుడ్డకు తగిలి నీరైంది. అప్పటి నుండి ఎంత చలిగా ఉన్నా పై సందు తెరిచే ఉంచుతాం. చలి పైనుండి కంటే నేలనుండే ఎక్కువ వస్తుందనీ తెలిసింది. రెండు దుప్పట్లుంటే ఒకటి కింద పరచుకోవాలి.

ఎండాకాలం పగటిపూట అందులో కూర్చోలేం, పొయ్యిలా కాగిపోతుంది. పైగా ఎండ ఆ గుడ్డను పాడుచేస్తుంది. నీడ కోసమని ఒకసారి పనసచెట్టు కింద వేయబోతే, ఊరి పెద్ద నవ్వి, "అయ్యగారూ, పైకి చూసి వేయండి" అన్నాడు. మా తలల మీదుగా కుండలంత కాయలు వేలాడుతున్నాయి! వానాకాలంలో పల్లంలో వేయకూడదు. కింద పరిచే పట్టా అంచులు పై గుడ్డను దాటి బయటికి రాకూడదు, వస్తే వాన నీరు పట్టాలోకి చేరి మన వీపు కిందికే వస్తుంది. గుడ్డ తడిస్తే సాగుతుంది గనుక, రాత్రి ఒకసారి లేచి తాళ్లు బిగించాలి. ఉరుములు మెరుపులు వస్తే మాత్రం గుడారం వదిలి పక్కా ఇంట్లోకి వెళ్లిపోవాలి.

ఇవన్నీ నేర్చుకున్నాను గాని, అన్నింటికంటే తేలికైన పని ఒకటి చేయక నష్టపోయాను. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

నా భార్య కుట్టుపని చేస్తుంది. జాకెట్లు కుట్టి, రూపాయి రూపాయి కూడబెట్టి, మా అమ్మాయి నర్సింగు చదువు రెండో ఏడాది ఫీజు కోసం పన్నెండు వేలు దాచింది. ఒక గ్రామంలో ప్రార్థన మందిరానికి రేకులు లేక పని ఆగిపోయింది. 2017లో నేను ఆ పన్నెండు వేలు తీసి వారికి ఇచ్చాను. దేవుని పనే గదా, తరువాత చెప్పవచ్చులే అనుకున్నాను. చెప్పలేదు.

ఆ అక్టోబరులో ఇద్దరం ఆ గ్రామానికి వెళ్లాం. కూటం ముగిశాక సంఘపెద్ద లేచి, అందరి ముందు, "అమ్మగారూ, మీరిచ్చిన సొమ్ముతోనే ఈ రేకులు" అని ఆమెకు వందనాలు చెప్పాడు. ఆమె ఒక్కసారి నా వైపు చూసి, తల వంచుకుంది.

ఆ రాత్రి వాన. గుడారం వెడల్పు నాలుగడుగుల పైచిలుకు. అందులో చెరో ప్రక్కకు తిరిగి పడుకున్నాం. మాట లేదు. ప్రార్థన కూడా కలిసి చేయలేదు. ఉదయం బస్సు వేళ అవుతోందని గుడారం తడిగానే మడిచాను. "ఏమండీ, ఇంటికెళ్లాక ఆరవేయండి." దారి పొడుగునా ఆమె అన్న మాట అదొక్కటే. నాకు ఆ మాట కూడా తప్పు పట్టినట్టే వినిపించింది. ఇంటికి రాగానే సంచిని అటక మీదికి విసిరేశాను. ఆమె తన కమ్మలు తాకట్టు పెట్టి అమ్మాయి ఫీజు కట్టింది. ఆ సంగతి తెలిసీ నేను నోరు విప్పలేదు. బయటికి మాత్రం అంతా మామూలే. ఆదివారం నేను ప్రసంగించేవాడిని, ఆమె పాటలు పాడించేది.

2018 జూన్‌లో మళ్లీ ప్రయాణం పెట్టుకుని సంచి దింపాను. తెరవగానే ముక్క వాసన. గుడ్డ మీద నల్లటి మచ్చలు. నీరు దిగకుండా పై గుడ్డ లోపలివైపు ఒక పూత ఉంటుంది. ఎనిమిది నెలల తడికి, అటక మీది వేడికి అది జిగటగా మారి, పొలుసులుగా రాలుతోంది. ఒకరోజు ఎండలో వేసి, పరవాలేదులే అని పట్టుకెళ్లాను.

రెండో రాత్రి వాన పట్టుకుంది. నా వైపు కాదు, ఆమె వైపే కారింది. ఆమె దుప్పటి తడిసింది, చీర తడిసింది. టార్చిలైటు వేసి చూస్తే, ఆమె చలికి వణుకుతూ కూర్చుని ఉంది. తిడుతుందేమో అనుకున్నాను. ఆమె నెమ్మదిగా, "లోపల తడి ఉంచి మూట కడితే గుడ్డయినా ఇంతేనండీ" అంది.

ఆ మాట గుడారం గురించి మాత్రమే కాదని నాకు అర్థమైంది. నా పొడి దుప్పటి ఆమెకు కప్పి, ఎనిమిది నెలల క్రితం అడగవలసిన క్షమాపణ అప్పుడు అడిగాను. ఆమె వెంటనే, "పోనీలెండి" అనలేదు. తెల్లవారేదాకా మాట్లాడింది. "మందిరానికి ఇచ్చినందుకు కాదండీ నా బాధ. అడిగితే నేనే ఇచ్చేదాన్నేమో. నా చేతి కష్టాన్ని మీరు నాకు తెలియకుండా దానం చేశారు. పదిమందిలో పుణ్యం నా పేర చెప్పారు, నేను బొమ్మలా నిలబడ్డాను" అంది. మధ్యలో రెండు మూడుసార్లు నాకు జవాబు చెప్పాలనిపించింది. ప్రభువు కృపవలన నోరు మూసుకుని విన్నాను.

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో అకుల, ప్రిస్కిల్ల కనబడతారు. డేరాలు కుట్టి బ్రదికినవారు. కొరింథులో పౌలు వారింట ఉండి, వారితో కలిసి ఆ పని చేశాడు. క్రొత్త నిబంధనలో వారి పేర్లు ఎక్కడ వచ్చినా భార్యాభర్తలిద్దరివీ కలిసే వస్తాయి. ఎన్నిసార్లో ఆ భాగం మీద ప్రసంగించాను. కుట్టుమిషను మీద వంగిన ప్రిస్కిల్ల నా ఇంట్లోనే ఉన్నదని మాత్రం చూడలేదు.

కమ్మలు విడిపించడానికి ఏడాదిన్నర పట్టింది. అమ్మాయి చదువు పూర్తిచేసి ఉద్యోగంలో చేరింది, దేవునికి స్తోత్రము. ఇప్పుడు మిషను సొరుగులో ఒక లెక్కల పుస్తకం ఉంటుంది. ఇంట్లోనుండి ఏ సొమ్ము బయటికి వెళ్లినా ఇద్దరం అనుకున్న తరువాతే అందులో వ్రాస్తాం. కొన్నిసార్లు ఆమె వద్దంటుంది. కొన్నిసార్లు నేను అనుకున్నదానికంటే ఎక్కువే ఇద్దామంటుంది.

ఇక గుడారం. మేనల్లుడు చెప్పినట్టు రాలే పూతను మెత్తటి సబ్బు నీటితో కడిగి, కొత్త పూత పూశాను. కొత్తదానిలా కాలేదు. చిన్న వానకు ఆగుతుంది. పెద్ద వానకు పైన టార్పాలిన్ కట్టుకుంటాం. పోయిన పూత తిరిగి రాదు గాని, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. అందుకని ఎంత అలసిపోయి వచ్చినా, ఆ రోజే పెరట్లో దండెం మీద ఆరవేస్తాం. ఒక అంచు ఆమె పట్టుకుంటుంది, ఒక అంచు నేను.

సూర్యుడు అస్తమించేలోగా కోపం విడువమని ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో పౌలు చెప్పాడు. గుడారాలు కుట్టినవాడు గనుక, తడి బట్టను రాత్రికి మూట కడితే ఏమవుతుందో అతనికి బాగా తెలిసే ఉంటుంది. ప్రియులారా, మీ ఇంటి అటక మీద అలా మూట కట్టి పెట్టినది ఏదైనా ఉంటే, ఈ రోజే దించండి. వాసన వస్తుందని వెనుదీయకండి. మీ భార్యతోనో, భర్తతోనో, అన్నదమ్ములతోనో కలిసి దాన్ని వెలుగులో ఆరవేయండి. ప్రభువు మీ గృహములను దీవించును గాక.