ఇనుప కుప్పలో నియోడిమియం

అయస్కాంతం అనగానే హైస్కూల్లో సైన్సు మాస్టారు చూపించిన గుర్రపు నాడా ముక్కే చాలామందికి గుర్తొస్తుంది. దాని కొసకి నాలుగు గుండుసూదులు వేలాడితే చప్పట్లు కొట్టినవాళ్ళమే మనమంతా. నేను చెప్పబోయేది దానికి మనవడి వరస. చూడటానికి రూపాయి బిళ్ళంత ఉంటుంది గాని, అలాంటివి రెండింటి మధ్య వేలు పెడితే నలిగి రక్తం కట్టవలసిందే. 1980ల తొలి ఏళ్ళలో జపాన్‌లో మసాతో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ళు, ఎవరికి వారే ఇంచుమించు ఒకేసారి దీన్ని తయారుచేశారు. ఇందులో మూడో వంతుకి కాస్త తక్కువగా నియోడిమియం, దాని బంధువర్గం; చిటికెడు బోరాన్; తక్కినదంతా ఇనుమే. ఆ బంధువర్గాన్నే మన కెమిస్ట్రీ పుస్తకాల్లో విరళ మృత్తికలు అంటారు. నిజానికి అవి అంత విరళమూ కాదు, మృత్తికలూ కాదు. పేరు పెట్టినవాళ్ళని ఇప్పుడు ఏమనగలం!

ఈ మనవడు మన ఇళ్ళల్లోనే ఉన్నాడు. పాత కంప్యూటరు హార్డ్ డిస్కులో, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోనులో, ఎలక్ట్రిక్ స్కూటరు మోటారులో. చివరికి చేరేది మాత్రం పాత సామాన్ల కొట్టుకే.

మా వనస్థలిపురంలో అలాంటి కొట్టు ఒకటుంది. దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి పాత కంప్యూటర్లు బస్తాల్లో వస్తుంటాయి. కొట్టాయన్ని నేను కాకా అంటాను. ఆయన హార్డ్ డిస్కు విప్పే తీరు చూసి తీరవలసిందే. నక్షత్రం మొహం స్క్రూలకి తగిన స్క్రూడ్రైవరు వెతకడం లాంటి పనులేమీ ఉండవు. ఉలీ సుత్తీ చాలు. అల్యూమినియం డొక్కు ఒక బస్తాలోకి, ఆకుపచ్చ బోర్డు ఇంకో బస్తాలోకి, అయస్కాంతం అతికించి ఉన్న బద్ద ఇనుప కుప్పలోకి.

"అది వట్టి ఇనుము కాదు కాకా" అన్నాను ఒకరోజు.

"ఇనుముకు అంటుకుంటది, ఇనుము ధరకే పోతది. ఇంకేం గావాలె బిడ్డా?"

ఆ కుప్ప పోయేది కొలిమికి. అక్కడ ఇనుము కరిగి ఇనుముగానే బయటికొస్తుంది. నియోడిమియానికి ఆక్సిజన్ అంటే మహా ఆపేక్ష. వేడిలో దాన్ని పట్టుకుని ఆక్సైడుగా మారి చిట్టెంలో కలిసిపోతుంది. ఇక దాన్ని వెతికి తీసేవాడెవడూ లేడు.

కొలిమికి పోకముందే పట్టుకుంటే ఏమవుతుందో చూద్దామని కాకా దగ్గర నాలుగు ముక్కలు తెచ్చి, మేష్టారి అనుమతితో మా లాబులో ప్రయత్నించాను. ఫర్నేసులో 350 డిగ్రీల దాకా వేడిచేస్తే దాని పొగరు అణిగిపోయింది. గుండుసూది కూడా అంటలేదు. పైనున్న నికెల్ తొడుగు ఊడదీసి, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి, వేడి మీద సోడియం సల్ఫేటు కలిపితే ఇనుము పచ్చటి ద్రావణంలోనే ఉండిపోయింది. నియోడిమియం మటుకు మెత్తని లవణమై అడుక్కి దిగింది. ఆ లవణాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్తే లేత గులాబి, ట్యూబులైటు కింద పెడితే నీలి ఛాయ! పదిసార్లు అటూ ఇటూ తిప్పి చూశాను. 1885లో ఆయర్ ఫన్ వెల్స్‌బాహ్ దీన్ని దీని కవల నుంచి విడదీసి 'కొత్త కవల' అనే అర్థంలో పేరు పెట్టాడు. ఆయనా ఇలాగే తిప్పి చూసి ఉంటాడనిపించింది.

అయితే ఈ దారిలో చిక్కుంది. లవణం నుంచి ఆక్సైడుకి రావచ్చు. ఆక్సైడు నుంచి లోహానికి రావాలంటే కరిగిన ఫ్లోరైడుల్లో వెయ్యి డిగ్రీల పైన విద్యుత్తు పంపాలి. పైగా మిగిలిన ఆమ్లపు నీళ్ళు ఎక్కడ పోస్తాం? బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలో రెక్స్ హారిస్ బృందం చూపించిన దారి నాకు ఎక్కువ నచ్చింది. వాళ్ళు మిశ్రమ లోహాన్ని విడగొట్టరు. హైడ్రోజన్ వాయువులో పెడతారు. లోహం ఆ వాయువుని పీల్చుకుని ఉబ్బి, తనంతట తానే పొడిపొడిగా రాలిపోతుంది. అయస్కాంతశక్తి పోతుంది, నికెల్ తొడుగు పొట్టులా విడిపోతుంది. ఆ పొడిని జల్లించి, మెత్తగా నూరి, అయస్కాంత క్షేత్రంలో రేణువుల్ని ఒకే దిక్కుకి తిప్పి అదిమి, వెయ్యి డిగ్రీల పైచిలుకు వేడిలో కాలిస్తే మళ్ళీ అయస్కాంతం. గాలి తగిలి కొంత నియోడిమియం ఆక్సైడైపోతుంది కనుక కాస్త కొత్తది కలపాలి, అంతే.

ఇదంతా పరాయి దేశం విద్య అనుకోనక్కర్లేదు. మా కొట్టు నుంచి ఎల్బీనగర్, కర్మన్‌ఘాట్ మీదుగా పోతే కంచన్‌బాగ్‌లో డి.ఎం.ఆర్.ఎల్. వస్తుంది. సమేరియం–కోబాల్ట్ అయస్కాంతాల విద్య అక్కడ పండించినదే. దాని సాయంతోనే విశాఖపట్నంలో ఏడాదికి 3,000 కిలోలు చేసే కర్మాగారం కట్టి 2023 మే 11న జాతికి అంకితం చేశారు. భీమిలి ఇసుకలో మోనజైటుంది గాని, దాంతోపాటు థోరియమూ ఉంది. ప్రైవేటువాళ్ళు ముట్టుకునే సరుకు కాదది. కాకా బస్తాలో థోరియం లేదు!

2025 ఏప్రిల్‌లో చైనా ఈ అయస్కాంతాల ఎగుమతికి లైసెన్సులు పెట్టగానే మన బండ్ల కంపెనీలు బెంబేలెత్తాయి. ఆ సెప్టెంబరులో కీలక ఖనిజాల రీసైక్లింగుకి 1,500 కోట్లు, నవంబరులో అయస్కాంతాల తయారీకి 7,280 కోట్లు కేంద్రం మంజూరు చేసింది. మంచిదే. కాని ఆ కోట్లకీ కాకా ఉలికీ మధ్య మెట్టు లేదు. 2022 నాటి ఈ-వేస్టు నిబంధనలు అమలుకొచ్చినప్పుడు సర్టిఫికెట్ల లెక్క బంగారం, రాగి, ఇనుము, అల్యూమినియాలకే కట్టారు. ఈ కవలకి ఆ జాబితాలో చోటు లేదు. లెక్కలో లేని సరుకుని విడిగా ఏరమని రెక్కాడితేగాని డొక్కాడని మనిషికి ఏ మొహంతో చెప్పడం? విద్య లేక కాదు, ఏరిన చేతికి కూలి గిట్టక అది చిట్టెంలో పోతోందని నా అభిప్రాయం.

రేపు ఆటోనగర్‌కి ఎలక్ట్రిక్ స్కూటర్లు తుక్కుగా వస్తాయి. వాటి అయస్కాంతాల ముందు హార్డ్ డిస్కు ముక్కలు ఏపాటివి!

ప్రస్తుతానికి కాకా నా మాట మీద ఒక నూనె డబ్బా పక్కన పెట్టాడు. మూడు నెలల్లో కిలోన్నర పోగైంది. నేను తెలిసినచోటల్లా అడుగుతున్నాను, అంత తక్కువ సరుకు మాకెందుకంటున్నారు. "దసరాకు కొట్టు కడుగుత. అందాక ఎవల్ రాకపోతే ఇనుముల ఏస్త, మల్ల నన్ననొద్దు బిడ్డా" అన్నాడు.