కువైట్‌లో ఉన్న వదినకు

కర్నూలు,
మే నెల.

వదినా,

నీ వయొలిన్ ఎట్లుందో ముందు అది చెప్పు. ఇక్కడ ఎండ 43, 44 డిగ్రీలకు పోతోంది, నీకాడ ఇంకా ఎక్కువే ఉంటుంది. ఆ పెట్టె విప్పక ఎన్నాళ్ళయిందో అని రోజూ అనుకుంటున్నా.

బడులకు సెలవులిచ్చినంక మా వీధి చివరింట్లో పిల్లలకు వయొలిన్ నేర్పడం మొదలుపెట్టినారు. పాపను దింపేదానికి పోతే నన్ను కూడా కూర్చోమన్నారు. పొద్దున ఆరుకు మొదలు, తొమ్మిదికల్లా ముగింపు. నేర్పేవాళ్ళు ఇద్దరు. ఒకాయన మీ కడప వైపు పెద్దాయన, మాస్టారు. ఇంకొకామె విజయనగరంలో చదువుకున్నామె. నాకంటే చిన్నదైనా టీచరమ్మా అనే పిలుస్తా. వాళ్ళ దగ్గర విన్నవి నీకు చెప్పకుంటే నాకు నిలువదు.

మాస్టారు మొదటి వారమంతా కమానే పట్టించినారు. వర్ణం లేదు, కృతి లేదు. ఒక్క షడ్జం, ఆది తాళం ఒక ఆవర్తనం సాగేంత సేపు, కమాను మొదలు నుంచి కొస దాకా. మళ్ళీ కొస నుంచి మొదలు దాకా. చేతికి దగ్గరున్నప్పుడు కమాను బరువంతా తీగ మీద పడుతుంది, కొసకు పోయేకొద్దీ ఆ బరువు తగ్గిపోతుంది. అందుకని కొసకు పోతుంటే చూపుడువేలి నొక్కు కొంచెం కొంచెంగా పెంచాలి, తిరిగొచ్చేటప్పుడు వదలాలి. నాదం ఎక్కడా సన్నబడకూడదు, ఎక్కడా కరవకూడదు. ఆయన వాయించి చూపిస్తే కమాను ఏ పక్కకు తిరిగిందో కళ్ళు మూసుకున్నవాళ్ళు చెప్పలేరు. పిల్లలు విసుక్కుంటారేమో అనుకున్నా. ఎవరి నాదం ఎక్కువ సేపు నిలుస్తుందో చూద్దామని పందేలేసుకుని మరీ లాగినారు.

ఎండ సంగతి కూడా ఆయనే చెప్పినారు, ఇది నీకు బాగా పనికొస్తుంది. గాలిలో తడి లేకపోతే కొయ్య ముడుచుకుంటుంది, బిరడలు వదులై జారిపోతాయి, ఒక పూటలోనే శ్రుతి దిగిపోతుంది. బిరడకు కొంచెం సుద్దముక్క రాసి, లోపలికి నొక్కుతూ తిప్పు, పట్టుకుంటుంది. కమాను వెంట్రుకలు కూడా పొడిగాలికి బిగుసుకుంటాయి, కాబట్టి వాయించడం అయిపోగానే వదులు చెయ్. కారులో మాత్రం వదిలిపెట్టి పోవద్దు, ఆ వేడికి జిగురు విడిపోయి పలకలు ఊడొస్తాయి. మీ ఏసీ గాలి కూడా పొడిదే కదా, దాని కింద నేరుగా పెట్టొద్దు.

టీచరమ్మ దారి వేరు. వయొలిన్ ఒళ్ళో పెట్టుకోమంటుంది, పాడమంటుంది. గొంతులోకి రానిది వేలికి రాదంటుంది. తోడిలో గాంధారం తీసుకో. పుస్తకంలో ఒక్క అక్షరం, గ. పాడితే అది రిషభానికీ మధ్యమానికీ నడుమ ఊగుతూనే ఉంటుంది, ఒకచోట నిలబడితే తోడి కాదు. ఆమె మెల్లగా పాడుతుంది, మేం పాడతాం, ఆ ఊపు ఎంత దూరం పోయి ఎక్కడ తిరుగుతుందో చెవికి పట్టినంకనే వేలు తీగ మీద పెట్టనిస్తుంది. పిల్లలు వేళ్ళ జాగాల కోసం అతికించుకొచ్చిన రంగు కాగితాలన్నీ పీకేయించింది. కింద కూర్చుని వయొలిన్ తల కుడి పాదం మీద ఆనించుకుంటాం కదా, ఆ కూర్చోవడం వల్లనే ఎడమచెయ్యికి వాయిద్యం మోసే పని తప్పి, తీగ పొడుగునా జారేదానికి వీలవుతుందంట. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దొరల దగ్గర ఈ వాయిద్యం నేర్చి మన సంగీతానికి తెచ్చి రెండు వందల ఏళ్ళు దాటింది. మన గమకాలు దానిమీద పలికేది ఈ జారడంతోనే అని ఆమె చూపించినంక నాకు స్పష్టంగా కనపడింది.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారి గురించి ఆమె చెప్తుంటే వినాలి నువ్వు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో చేరి చదువుకుందామని పోతే, ఆదిభట్ల నారాయణదాసు గారు ఆయన వాయింపు విని విద్యార్థిగా కాదు, అధ్యాపకుడిగా తీసుకున్నారని చెప్తారు. 1936లో ద్వారం గారే ప్రిన్సిపాల్ అయినారు. ఆ ద్వారం గారి దగ్గర కొన్నాళ్ళు నేర్చుకున్నవాళ్ళలో మన కర్నూలు డాక్టరు గారు కూడా ఉన్నారు, శ్రీపాద పినాకపాణి గారు. మెడికల్ కాలేజీలో వైద్యం చెప్పే ప్రొఫెసర్‌గా వచ్చి, ఈ ఊళ్ళోనే ఉండిపోయి, 2013లో ఇక్కడే పోయినారు. గాయకులు నేదునూరి, నూకల, ఓలేటి, అందరూ పినాకపాణి గారి శిష్యులే. పగలు ఆసుపత్రి, మిగతా వేళ సంగీతం. గొప్పవాళ్ళ పాట విని, ప్రతి సంగతీ స్వరాలతో రాసి పెట్టుకునేవారు. ఆ రాతలే తిరుపతి దేవస్థానం వాళ్ళు వేసిన ‘సంగీత సౌరభం’ నాలుగు సంపుటాలు. గురువుల దగ్గర ఆయన కూర్చున్న కాలం తక్కువ, విన్న కాలం జీవితమంతా. ఒక్క వేసవిలో ఏమొస్తుందిలే అనేవాళ్ళకు నేను ఇప్పుడు ఆయన పేరే చెప్తున్నా.

నువ్వూ డ్యూటీలు చేసి అలిసిపోయేదానివే, నాకు తెలుసు. గురువు లేరని పెట్టె మూసి పెట్టొద్దు వదినా. శుక్రవారం నీకు సెలవు కదా. మాకు తొమ్మిదైతే నీకు ఆరున్నర. క్లాసు అయిపోగానే ఫోన్ చేస్తా, మాస్టారు, టీచరమ్మ ఇద్దరూ ఉంటారు, అడిగి పెట్టినా. వర్ణం వద్దు. షడ్జం ఒక్కటి లాగు, ఆయన విని చెప్తారు. ఈలోగా బిరడలకు సుద్ద రాసి శ్రుతి చేసి పెట్టుకో, రోజిన్ అయిపోయి ఉంటే చెప్పు, మీ ఆయన జూన్‌లో వచ్చినప్పుడు ఇచ్చి పంపుతా.

నీ వదిన