క్షేమంగా చేరడం అంటే ఏమిటి?



మన సంఘాల్లో ఎవరు ఊరు దాటినా ముందు ప్రార్థన చేయించుకుంటారు. కువైట్ వెళ్లే అక్క అయినా, హైదరాబాదుకు పరీక్ష రాయడానికి వెళ్లే పిల్లవాడైనా అంతే. "క్షేమంగా చేర్చి, క్షేమంగా తిరిగి తీసుకురండి ప్రభువా" అని అడుగుతాం. అది మంచి ప్రార్థనే. అయితే ఆ "క్షేమం" అనే మాటకు అర్థమేమిటో ఈ నెల నేను చాలాసేపు ఆలోచించవలసి వచ్చింది.

మా సంఘంలో పెరిగిన ఒక తమ్ముడు ఇప్పుడు జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. భార్యతో కలిసి చెక్ దేశపు రాజధాని ప్రాగ్ నుంచి జర్మనీ దక్షిణపు కొసలో ఉన్న కాన్‌స్టాన్స్ వరకు కారులో వెళ్దామనుకుంటున్నాడు. "అయ్యగారూ, దారంతా చాలా అందంగా ఉంటుందట. విశ్వాసులుగా మేం చూడవలసినవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగాడు. ఆ రెండు ఊళ్ల పేర్లు వినగానే బైబిలు కళాశాలలో చదివిన సంఘ చరిత్ర గుర్తొచ్చింది. ఆరు వందల ఏళ్ల క్రితం దైవజనుడు జాన్ హస్ చేసిన చివరి ప్రయాణం ఇదే.

సుమారు 600 కిలోమీటర్ల దారి. మూడు రోజులు పెట్టుకోమన్నాను. మొదటి రోజు ప్రాగ్‌లో బేత్లెహేము ప్రార్థనా మందిరం చూడాలి. 1402 నుంచి హస్ అక్కడ సామాన్యులకు అర్థమయ్యే చెక్ భాషలో వాక్యం చెప్పాడు. పాత మందిరాన్ని 1786లో కూల్చేశారు, ఇప్పుడున్నది 1950ల్లో తిరిగి కట్టినది. రెండో రోజు పడమరగా ప్ల్జెన్ దాటాక పెద్ద రోడ్డు దిగి, తాఖోవ్ మీదుగా అడవుల మధ్య చిన్న రోడ్డు పట్టుకుంటే సరిహద్దు దాటగానే బెర్నావ్ అనే ఊరు వస్తుంది. రాత్రికి న్యూరెంబర్గ్ చేరవచ్చు. మూడో రోజు ఉల్మ్ మీదుగా దక్షిణానికి దిగి, మీర్స్‌బర్గ్‌లో కారుతో సహా ఫెర్రీ ఎక్కితే పావుగంటలో సరస్సుకు అవతల కాన్‌స్టాన్స్. ఆకాశం తేటగా ఉంటే ఆ నీటి మీదనుంచి ఆల్ప్స్ కొండల మంచు కనబడుతుంది.

కాగితాల సంగతి కూడా మాట్లాడుకున్నాం. ఆ రెండు దేశాల మధ్య వీసా మళ్లీ అక్కరలేదు. అయినా ఈమధ్య జర్మనీ సరిహద్దులో తనిఖీలు పెట్టింది కాబట్టి పాస్‌పోర్టు, నివాస అనుమతి కార్డు చేతిలో ఉండాలి. చెక్ మోటార్‌వేకి కారు నంబరు మీద ఆన్‌లైన్‌లో రుసుము కట్టాలి. అద్దె కారైతే దేశం దాటించడానికి అనుమతి ఉందో లేదో ముందే అడగాలి.

హస్‌కు కూడా ఒక కాగితం మాట ఇచ్చారు. కాన్‌స్టాన్స్‌లో జరిగే మహాసభకు వచ్చి, ఉండి, తిరిగి వెళ్లవచ్చని సిగిస్మండ్ రాజు ఇచ్చే అభయపత్రం అది. ఆ పత్రం చేతికి రాకముందే, 1414 అక్టోబరు 11న ఆయన బయలుదేరాడు. బయలుదేరేముందు తన శిష్యునికి ముద్రవేసిన ఉత్తరం ఒకటి ఇచ్చి, తాను చనిపోయానని ఖాయంగా తెలిస్తేనే విప్పమన్నాడు. తన అంగీలు ఎవరికివ్వాలో కూడా అందులో రాశాడు.

దారిలో ఆయనకు ఏ హానీ జరగలేదు. ముఖం దాచుకోకుండా గుర్రం మీద వెళ్లాడు. శత్రువులుంటారనుకున్న చోట ఆదరణ దొరికింది. బెర్నావ్‌లో అక్కడి గురువు ఎదురుచూసి ఆహ్వానించాడు. తాను దిగిన ఇళ్లలో హస్ పది ఆజ్ఞల ప్రతి ఒకటి ఇచ్చి వెళ్లేవాడు. నవంబరు 3న కాన్‌స్టాన్స్ చేరాడు. అభయపత్రం రెండు రోజుల తర్వాత వచ్చింది. మన లెక్కలో ప్రయాణ ప్రార్థన నెరవేరినట్టే కదా?

నవంబరు 28న ఆయనను బంధించారు. సరస్సు ఒడ్డున ఉన్న మఠంలో చీకటి గదిలో వేశారు. బోధించినది తప్పని ఒప్పుకుంటే ప్రాణం దక్కేది, ఆయన ఒప్పుకోలేదు. 1415 జూలై 6న కాల్చి చంపి, బూడిదను రైన్ నదిలో కలిపారు. ఆ స్థలంలో ఇప్పుడు ఒక పెద్ద రాయి ఉంది. "అక్కడ ఫొటో తీసుకునేముందు కాసేపు మౌనంగా నిలబడండి" అని తమ్ముడికి చెప్పాను.

కొన్నేళ్ల క్రితం గల్ఫ్‌కి వెళ్లిన ఒక బిడ్డ పెట్టెలో తిరిగి వచ్చాడు. భూస్థాపన అయ్యాక తల్లి నన్ను అడిగింది: "పంపేటప్పుడు మీరే కదా అయ్యగారూ ప్రార్థన చేసింది?" ఆ తల్లికి నేనేమీ బోధించలేదు. పక్కన కూర్చున్నాను. ఇప్పటికీ ఆ ప్రశ్నకు చిన్న జవాబు నా దగ్గర లేదు. కానీ ఒకటి మాత్రం తెలుసు. 121వ కీర్తన మన రాకపోకల గురించి చెబుతూ, ఆ కాపుదల నిరంతరమూ ఉంటుందంటుంది. అంటే అది బస్సు దిగేచోట, విమానం దిగేచోట ఆగిపోయే కాపుదల కాదు. చెరసాల గదిలోకీ, సమాధిలోకీ, దాని అవతలికీ వస్తుంది. పౌలు కూడా యెరూషలేములో సంకెళ్లున్నాయని తెలిసే ఓడ ఎక్కాడు.

కాబట్టి ఇకమీదట ప్రయాణమయ్యేవారి కోసం ఇలా కూడా ప్రార్థిద్దాం. బ్రేకులు, టైర్లు, కాగితాలు సరిచూసుకునే బుద్ధినిమ్మని అడుగుదాం. దారిలో ఆతిథ్యమిచ్చినవారి ఇంట దేవుని మాట ఒకటి విడిచివచ్చే మనసునిమ్మని అడుగుదాం. చేరినచోట ఏది ఎదురైనా ప్రభువును విడువని స్థిరత్వం ఇమ్మని అడుగుదాం. క్షేమంగా ఇంటికి తీసుకురమ్మనీ అడుగుదాం, తండ్రిని అడగడానికి సిగ్గెందుకు? ఏ ఇంటికి ఎప్పుడు చేర్చాలో ఆయనకు తెలుసు.

ప్రయాణంలో ఉన్న మన బిడ్డలందరికీ ప్రభువు తోడైయుండును గాక. ఆమేన్.