పట్టా ఒకరిది, చెమట ఒకరిది

సుచిత్ర నుంచి మేడ్చల్ దాటితే వెంచర్ల నడుమ ఇంకా వరి మడులున్నాయి. అక్కడ మా యాడి రెండెకరాలు కౌలుకు చేస్తది. 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైన రైతుబంధు పంటకు, ఎకరాకు 4,000 రూపాయలిచ్చింది. తర్వాత 5,000 అయ్యింది. 2025లో రైతు భరోసా పేరుతో 6,000. అంతా పట్టాదారు ఖాతాలోకే. వడగళ్లకు వడ్లు రాలిన ఏడు అప్పు మాత్రం యాడిదే.

2011 చట్టం కౌలు రైతుకు గుర్తింపు కార్డు ఇవ్వాలన్నది. కానీ కౌలుదారు పేరు కాగితమెక్కితే భూమి పోతదని పట్టాదారు భయం. పేరు ఎక్కించమంటే కౌలే పోతదని యాడి భయం.

2023లో పోడు పట్టాలొచ్చిన గిరిజనులకు రైతుబంధు కూడా అందింది. సంతోషమే. మరి పట్టా లేని మా తండా చెమటకు లెక్కెక్కడ? దున్నేటోళ్ల పేర్లు గ్రామసభలో రాయాలె. అప్పుడే అది రైతుకు భరోసా.