కారులో పాటలపెట్టె

జయపురం నుంచి విజయనగరం వెళ్లాలంటే కారులో నాలుగు గంటలకు తక్కువ పట్టదు. కొరాపుట్టు, సెమిలిగూడ, పొట్టంగి దాటి, సుంకి దగ్గర ఘాటీ దిగి సాలూరు చేరేదాకా దారి మెలికలు తిరుగుతూనే ఉంటుంది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా జయపురం కూడా విశాఖపట్నం జిల్లాలోదే గదా! ఎల్లలు మారినా చుట్టరికాలు మారలేదు. పెళ్లిళ్లని, పురుళ్లని ఏడాదికి ఐదారుసార్లు మేము ఆ దారిన పోతూనే ఉంటాము.

ఆ నాలుగు గంటలూ మాకు విలువైనవి. ఇంట్లో ఉన్నంతసేపూ పిల్లల చదువు ఒడియాలోనో ఇంగ్లీషులోనో సాగుతుంది. మా అమ్మ గది అమ్మది, పిల్లల లోకం పిల్లలది. కారులో మాత్రం అందరూ ఒకే పాట వినక తప్పదు. అందుచేత ఆ పాట ఎక్కడినుంచి రావాలన్నది మాకు చిన్న విషయంగా తోచలేదు.

మా కారు 2011 నాటిది. అందులో ఉన్న సరంజామా రేడియో, సీడీ, తీగ గుచ్చడానికి ఒక రంధ్రం, అంతే. సీడీ మలుపు మలుపుకీ ఎగిరెగిరి పడుతుంది. రేడియో కొండల్లో అందదు. ఇక సెల్‌ఫోను సంగతి. పిల్లలు దాన్నే సమర్థించారు. ఊళ్లో ఉన్నంతసేపూ అది బాగానే పాడుతుంది. ఘాటీలో సిగ్నలు పోగానే పాట చరణం మధ్యలో ఆగిపోతుంది. వెనుక సీటులోంచి మా అమ్మ, "ఏరా బాబూ, పాట ఆపేశావేం?" అంటుంది. పైపెచ్చు మనం అడిగిన పాట ఒకటి అయ్యాక ఆ యంత్రం తనకు తోచిన పాట అందుకుంటుంది. మధ్యలో ఎవరో ఫోను చేస్తారు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ ఉన్న చోట బండి నడిపేవారు అద్దం మీద వేలితో వెదుక్కోవడం మాకు సుతరామూ ఇష్టం లేదు.

స్టీరియో అంతా మార్చి కొత్తది బిగిస్తామన్నాడు దుకాణదారు. ఖరీదు వేలల్లో చెప్పాడు. ఉన్న తీగలు కోయాలన్నాడు. పాత కారుకు అంత వైభవం అక్కరలేదనుకున్నాము. సిగరెట్టు వెలిగించుకునే గుంటలో గుచ్చే చిన్న ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటరు చవకైనదే. అది పాటను రేడియో తరంగంగా పంపిస్తుంది, కారు రేడియో అందుకుంటుంది. దాని తమాషా ఏమిటంటే, వేరే స్టేషన్లు లేని కొండల్లో ఇంపుగా పలుకుతుంది. స్టేషన్లు ఎక్కువగా ఉన్న పట్నంలో అడుగుపెట్టగానే పక్క స్టేషను వచ్చి మీద పడుతుంది. విజయనగరం దాటి విశాఖపట్నం వెళ్లే మాకు అది కుదిరే బేరం కాదు.

చివరకు అగ్గిపెట్టెకంటే కొంచెం పెద్దదైన ప్లేయరు తీసుకున్నాము, పద్నాలుగు వందలకు. మెమొరీ కార్డు వేసుకునేది. తీగ రంధ్రంలో గుచ్చితే పాట కారు స్పీకర్లలో వస్తుంది. కొనేవారికి మేము చెప్పదలచింది ఒకటున్నది: తెర ఎంత పెద్దదని చూడకండి, కళ్లు మూసుకుని బొత్తాలు తడిమి చూడండి. ముందుకు, వెనక్కు, ఆపు అన్నవి మూడూ వేలికి వేరువేరుగా తెలిస్తే చాలు. ఇంకొకటి, ఆపి మళ్లీ పెట్టినప్పుడు ఆగిన చోటినుంచే అందుకుంటుందో లేదో దుకాణంలోనే చూసుకోవాలి. గంటసేపు సాగే హరికథ టీ కోసం ఆగిన ప్రతిసారీ మొదటికి వస్తే ఎవరు వింటారు?

కార్డు 32 జీబీలోపుదే నయం. అంతకు మించినవాటిని పాత రకం ప్లేయర్లు చాలావరకు గుర్తుపట్టవు. మామూలు నాణ్యతలో పాట నిమిషానికి సుమారు ఒక ఎంబీ తింటుంది. పాత 78 ఆర్.పి.ఎం. రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా పట్టేది కాబట్టి ఆ నాటి పాటలూ ఆ కొలతకే ఒదిగాయి. ఆ లెక్కన 8 జీబీలోనే రెండువేలకు పైగా పాటలు పడతాయి. అన్ని పాటలు ఏ కుటుంబానికి కావాలి!

చార్జరు కారులోనే పెట్టి పాట వింటే ఇంజను హోరుతోపాటు ఒక సన్నని కూత స్పీకర్లలో వినిపిస్తుంది. ప్లేయరు పాడైందని కంగారు పడనక్కరలేదు. కరెంటూ పాటా ఒకే కారు తీగల్లో చుట్టు తిరగడంవల్ల వచ్చే కూత అది. ఇంటిదగ్గరే చార్జి చేసుకుని బయలుదేరితే ఉండదు. ఎండలో నిలిపిన కారులో మాత్రం దాన్ని వదలకూడదు. వేడికి బ్యాటరీ చెడుతుంది.

ఏ పాటలు ఎక్కించాలన్న దగ్గర వాదం ముదిరింది. మా దారి సంగీతపు దారేనని మా అమ్మ వాదన. సాలూరు దగ్గరి శివరామపురం రాజేశ్వరరావుగారిది. 1951 నాటి మల్లీశ్వరికి సంగీతం ఆయనదే. విజయనగరం సుశీలగారు పుట్టిన ఊరు. 1919లో నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా వెలిసిన సంగీత కళాశాలలోనే ఘంటసాలగారు నేర్చుకున్నారు. కాబట్టి సాలూరు వచ్చేసరికి సాలూరివారి పాటే రావాలని అమ్మ పట్టు. మా అబ్బాయికి అక్షయ మహాంతి ఒడియా పాటలు కావాలి. అవీ మాకు పరాయివి కావు. ఘాటీ దిగేదాకా అవి, దిగాక ఇవి అని ఒప్పందం చేశాము.

ఇంతలో ఒక చిక్కు వచ్చింది. పాటల పేర్లు తెలుగులో రాస్తే ప్లేయరు తెరమీద గళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. అందుకని పాటలకు అంకెలు వేసి, ఏ అంకెకు ఏ పాటో ఒక నోటుపుస్తకంలో తెలుగులో రాసే పని మా అమ్మాయికి అప్పగించాము. ఒడియా లిపిలో ఎ, ఏలకూ ఒ, ఓలకూ భేదం లేదు. అందువల్ల ఆ పిల్ల రాసిన పల్లవుల్లో దీర్ఘాలు చెల్లాచెదరుగా పడ్డాయి. నాయనమ్మ పక్కన కూర్చుని ప్రతి పాటా పాడి వినిపించి, "చూశావా, ఇక్కడ ఎంతసేపు లాగానో! అదే ఏత్వం" అని దిద్దిస్తున్నది.

రాత్రికి 47 దాకా అయింది. కార్డులో 312 ఉన్నాయి. వచ్చే ప్రయాణానికి ఇంకా పన్నెండు రోజుల వ్యవధి ఉన్నది.